గోడ మీది దేవుడికి వెలుగు దిద్దిన కొండయ్యరాజు

నాటకం తెర నుంచి ఫొటో స్టూడియోకు... అక్కడి నుంచి శివకాశి కేలెండర్‌కు
కెమెరా పట్టే కుర్రాళ్లు తెలుసుకోవాల్సిన కోవిల్‌పట్టి చిత్రకారుడి జీవితం

కొత్త సంవత్సరం వస్తోందంటే చాలు... సరుకులు కట్టే కొట్టు అన్నాచ్చి పప్పు ఉప్పుతో పాటు ఒక కాగితం చుట్ట కూడా సంచిలో పెడతాడు. ఇంటికొచ్చి రబ్బరుబ్యాండు తీసి విప్పితే తామరపువ్వులో లక్ష్మీదేవి. కింద కొట్టు పేరు, ఫోన్ నంబరు. ఏడాది తిరిగేసరికి తేదీల కాగితాలు చిరిగిపోతాయి. బొమ్మను పారేయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పదు. దేవుడి బొమ్మ కదా! కత్తిరించి, అట్టకు అతికించి, అద్దం కట్టించి పూజగదిలో పెట్టేస్తారు.

విరుదునగర్‌లో చూసినా, కోవిల్‌పట్టిలో చూసినా, సరిహద్దు ఇవతల చిత్తూరు, నెల్లూరుల్లో చూసినా ఇదే వరస. పొద్దున్నే దీపం పెట్టి దణ్ణం పెట్టుకునే ఆ పాత బొమ్మల్లో చాలావాటికి కింద మూలన చిన్న అక్షరాలతో ఒక సంతకం ఉంటుంది. దాన్ని చదివిన వాళ్లెంతమంది?

ఆ సంతకం సి.కొండయ్యరాజుది. 1898లో మద్రాసులో పుట్టి, కోవిల్‌పట్టిలో స్థిరపడి, 1976లో కన్నుమూసిన చిత్రకారుడు. దక్షిణాదిలో కేలెండర్ బొమ్మ అనగానే కళ్లముందు మెదిలే రూపానికి మూలపురుషుల్లో ఆయన ఒకరు. ఆయన బొమ్మలు తెలియని ఇల్లు లేదు. ఆయన పేరు తెలిసిన ఇళ్లు మాత్రం కొన్నే.

ఇప్పుడు ఆయన కథ ఎందుకంటారా? నేడు సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరే. పెళ్లిళ్లకు కెమెరా పట్టి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలని చూసే కుర్రాళ్లు ఈ రెండు ఊళ్లలోనూ ఉన్నారు. ఖరీదైన కెమెరా కొన్నా ఫొటో సరిగా రావడం లేదని బాధపడేవాళ్లకూ కొదవలేదు. కొండయ్యరాజు జీవితాన్ని వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కెమెరా దగ్గరికి వచ్చేలోపే ఆయనకు వెలుగు సంగతి తెలుసు. ఎటు నుంచి వస్తుంది, దేని మీద పడుతుంది, ఎక్కడ ఆగుతుంది... అదంతా చేతివేళ్లతో నేర్చుకున్నారు.

మైలాపూర్ పిల్లాడు

కొండయ్యరాజు పుట్టింది మద్రాసు మైలాపూర్‌లో. పేరులోనే తెలుగుదనం ఉంది. రాజుల కుటుంబం. ఇంట్లో వైద్యం చేసే ఆనవాయితీ ఉండేది. ఈయనకు మాత్రం చెయ్యి బొమ్మల మీదికే పోయింది. మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరారు.

ఆ బడికి పెద్ద చరిత్రే ఉంది. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు 1850లో దాన్ని మొదలుపెట్టారు. బొమ్మలు గీయడం, చెక్కడం, కుండలకు మెరుగుపెట్టడంతో పాటు ఫొటోగ్రఫీ కూడా 1850ల్లోనే అక్కడ నేర్పారు. ఫొటో అనేది లోకానికి తెలిసింది 1839లో. ఇరవై ఏళ్లు తిరక్కుండానే మద్రాసులో దానికి పాఠాలు నడిచాయన్నమాట! 1856లో మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ కూడా ఏర్పడింది. ఆ రోజుల్లోనే లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు ప్రభుత్వం తరఫున పెద్ద కెమెరా మోయించుకుంటూ మదురైకి వచ్చాడు. 1858లో మీనాక్షి గుడిని, తిరుమల నాయకుడి మహల్‌ను మైనం పట్టించిన కాగితం నెగటివ్‌ల మీదికి ఎక్కించాడు. మన నాయక రాజులు కట్టించిన ఆ స్తంభాలకు తొలినాటి ఫొటోలు అవే.

కొండయ్యరాజు ఆ బడిలో చదివే నాటికి హెడావే అనే ఆయన పెద్దగా ఉన్నారు. ఎదురుగా ఉన్న వస్తువును ఉన్నదున్నట్టు గీయడం, దూరం దగ్గర చూపడం, నీడతో గుండ్రదనం తేవడం... ఇదీ అక్కడి చదువు. ఒక చెంబును ముందు పెట్టుకుని, కిటికీ వెలుగు దాని మీద ఎక్కడ మెరుస్తోంది, ఎక్కడ చీకటవుతోంది అని గంటలకొద్దీ చూడాలి. కెమెరా చదువులో మొదటి పాఠమూ ఇదే. ఫొటో అంటే వెలుగుతో గీసిన గీత.

అరుణాచలం నీడన

చదువయ్యాక ఆయన ఉద్యోగాల వెంట పరుగు పెట్టలేదు. తిరువణ్ణామలై దారి పట్టారు. రమణ మహర్షి దగ్గరికి చేరి కొంతకాలం అక్కడే ఉన్నారు. రమణులు కూడా ఈ సీమ వారే. నేటి విరుదునగర్ జిల్లా తిరుచ్చుళిలో 1879లో పుట్టారు. కొండయ్యరాజు తర్వాత లోకంలోకి తిరిగి వచ్చినా పెళ్లి చేసుకోలేదు. చివరిదాకా సాధువులాగే బతికారు.

ఈ ఆశ్రమవాసం ఆయన బొమ్మలకు ఏం ఇచ్చిందో ఎవరు చెప్పగలరు? ఒక్కటి మాత్రం ఎవరైనా గమనించవచ్చు. ఆయన దేవుళ్లు పక్కకు తిరిగి ఏదో పనిలో ఉన్నట్టు కనిపించరు. నేరుగా మనవైపే చూస్తుంటారు. గుడిలో తెర తీయగానే మూలవిరాట్టు ఎలా ఎదురవుతాడో అలా. అంతకుముందు రవివర్మ దేవతలను మనుషుల్లా, ఒక కథ మధ్యలో నిలబెట్టి చిత్రించారు. 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి ఆ బొమ్మలను ఇంటింటికీ పంపారు. కొండయ్యరాజు ఆ దారిలోనే వచ్చినా, దేవుడిని కథలోంచి తీసి మళ్లీ పీఠం మీద కూర్చోబెట్టారు. అందుకే ఆ కాగితం ముందు హారతి ఇవ్వబుద్ధవుతుంది.

తెర మీద అడవి, తెర మీద దర్బారు

ఆశ్రమం తర్వాత ఆయన బతుకు నాటక కంపెనీకి మళ్లింది. మనకు సురభి వాళ్లు ఎలాగో, తమిళనాట ఊరూరూ తిరిగే సంగీత నాటక కంపెనీలు అలాగ. వాళ్లకు తెరలు రాసేవాడు కావాలి. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, కోట తెర. గుడ్డ మీద రంగు పూస్తే చూసేవాడికి నాలుగు ఫర్లాంగుల దూరం కనిపించాలి. అదీ పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, వెనక వరసలో నేల మీద కూర్చున్నవాడికి!

ఇది చిన్న విద్య కాదు. ముందు నిలబడ్డ నటుడిని తెర మింగేయకూడదు. అలాగని వెలవెలబోకూడదు. వెనకది వెనకే ఉండాలి, ముందుది ముందుకు రావాలి. ఫొటో తీసేవాళ్లు ఇవాళ బ్యాక్‌గ్రౌండ్ అని దేని గురించి మాట్లాడుకుంటారో అది ఆయనకు మూరలకొద్దీ గుడ్డ మీద అలవాటైంది. టి.ఎస్.సుబ్బయ్య అనే కుర్రాడు ఆయనకు తోడైంది కూడా ఈ నాటకాల రోజుల్లోనే.

అప్పటికే టాకీలు వచ్చి నాటకం పొట్ట కొడుతున్నాయి. 1940ల మొదట్లో ఈ కంపెనీ కోవిల్‌పట్టిలో ఉండగానే మూతపడింది. కంపెనీ పోయింది... రంగుల డబ్బాలు, కుంచెలు, గురుశిష్యులు మిగిలారు. వాళ్లు వెనక్కి వెళ్లలేదు. ఆ ఊళ్లోనే ఉండిపోయారు.

కోవిల్‌పట్టిలో ఆగిన బండి

కోవిల్‌పట్టి అంటే నేటి తూత్తుకుడి జిల్లాలోని నల్లరేగడి సీమ. పత్తి, అగ్గిపెట్టెలు, వేరుశనగ మిఠాయి. శెన్బగవల్లి అమ్మన్ గుడి. చుట్టుపక్కల ఊళ్లలో నాయుళ్లు, రెడ్లు, కంబళం వాళ్లు... ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పక్కనున్న ఎట్టయపురం జమీందార్లది తెలుగు మూలమే. తమిళంలో పేరుపొందిన రచయిత కి.రాజనారాయణన్ కూడా కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన తెలుగువాడే. మాట తెలుగైనా రాతకోతలన్నీ తమిళంలో సాగే సీమ ఇది. అలాంటి చోట లిపితో పనిలేని బొమ్మ అందరికీ చదవొస్తుంది.

కొండయ్యరాజు, సుబ్బయ్య కలిసి ఇక్కడ దేవి ఆర్ట్ స్టూడియో పెట్టారు. అటు ఫొటోలు, ఇటు బొమ్మలు. ఆనాటి చిన్న పట్టణాల్లో ఈ రెండు పనులూ విడివిడిగా ఉండేవి కావు. ఫొటో స్టూడియోలో వెనక తెర కావాలి. మేడమెట్లు, పూలకుండీ, చెరువు, రాజభవనం స్తంభం అన్నీ గుడ్డ మీద రాసినవే. నాటకాలకు తెరలు రాసిన చెయ్యికి అది వెన్నతో పెట్టిన విద్య. తీసిన ఫొటో నలుపు తెలుపే కాబట్టి రంగు కావాలన్నవాళ్లకు సన్నని కుంచెతో చీరకు, పెదవికి, నగలకు రంగు అద్దాలి. చనిపోయిన తాతగారికి ఒకే ఒక్క చిన్న ఫొటో ఉంటే, దాన్ని చూసి పెద్ద బొమ్మ గీయాలి. ఫొటోకూ చిత్రానికీ మధ్య గోడే లేదన్నమాట.

నల్లగుడ్డ కింద తలకిందుల బొమ్మ

ఆ కాలపు స్టూడియో కెమెరా ఎలా ఉండేదో ఈ తరానికి తెలియకపోవచ్చు. మూడుకాళ్ల స్టాండు మీద చెక్కపెట్టె. ముందు లెన్సు, మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి మడతలు, వెనక గరుకు గాజు పలక. ఫొటో తీసేవాడు నల్లగుడ్డ కప్పుకుని ఆ గాజు మీద చూస్తే ఎదుటి మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. ఆ తలకిందుల బొమ్మ మీదే ముఖం స్పష్టంగా ఉందా లేదా చూసుకోవాలి. తర్వాత గాజును తప్పించి, మందు పూసిన ప్లేటును గానీ ఫిల్మును గానీ పెట్టి, లెన్సు మూత తీసి, లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టాలి. ఈలోపు కూర్చున్నవాడు కదిలితే అంతే సంగతులు.

ఇక్కడే ఫొటోగ్రఫీలో అసలు లెక్క ఉంది. నీళ్ల కరువు తెలిసిన కోవిల్‌పట్టి వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కుళాయి కింద బిందె పెట్టామనుకోండి. పెద్దగా తిప్పితే త్వరగా నిండుతుంది. సన్నగా వదిలితే ఆలస్యంగా నిండుతుంది. బిందె నిండాలి, పొర్లిపోకూడదు. కుళాయి ఎంత తిప్పామన్నదే లెన్సులోని కంత. దాన్నే ఎపర్చర్ అంటారు. ఎంతసేపు వదిలామన్నది షట్టర్. ఇక బిందె ఎంత పెద్దదన్నది ఫిల్ము వేగం. అదే డిజిటల్ కెమెరాలో ఐఎస్‌వో అంకె. చిన్న బిందె తొందరగా నిండుతుంది. అంటే అంకె పెంచితే తక్కువ వెలుగులోనూ ఫొటో వస్తుంది, కాకపోతే బొమ్మలో గరుకు కనిపిస్తుంది. ఈ మూడింటి పొత్తు కుదిరితే ఫొటో కుదిరినట్టే.

ఫిల్ము మీద ఉండేది వెండి ఉప్పు. వెలుగు తగిలినచోట డెవలపర్‌లో అది నల్లగా మారుతుంది. తగలని చోటిది హైపోలో కరిగిపోతుంది. అందుకే నెగటివ్‌లో తెల్లచొక్కా నల్లగా, నల్లజుట్టు తెల్లగా ఉంటుంది. దాన్ని మళ్లీ కాగితం మీదికి ఎక్కిస్తే అసలు బొమ్మ. మధ్యలో ఇంకో పని ఉండేది... నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది మచ్చలు, ముడతలు పూడ్చడం. దీన్ని టచింగ్ అనేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే ముఖం నున్నగా అయిపోతోంది కదా... ఆ పనికి అప్పట్లో ఒక మనిషి చూపంతా కరిగేది.

ఇంతలా ముఖాల్లోకి చూసినవాడి దేవుడి బొమ్మలు ఎలా ఉంటాయి? కొండయ్యరాజు లక్ష్మి ముఖాన్ని ఒకసారి పరకాయించి చూడండి. చెంప మీద కరకు నీడ ఉండదు. వెలుగు ఎదుటినుంచి మెత్తగా పడుతుంది. కంటిలో చిన్న మెరుపు. తల వెనక కాంతి వలయం. నగల మీద మాత్రం చుక్కలు చుక్కలుగా తళుకు. స్టూడియోలో పెళ్లికూతురిని కూర్చోబెట్టి మంచి ఫొటో తీయాలంటే వెలుగును ఎలా అమరుస్తారో అచ్చం అలాగే.

శివకాశి రాళ్ల మీదికి

ఇక కథ కోవిల్‌పట్టి దాటి విరుదునగర్ జిల్లాలోకి వెళ్తుంది. శివకాశి అప్పటికే అగ్గిపెట్టెల ఊరు. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు 1922లో కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకుని వచ్చి, 1923లో ఇక్కడ మొదలుపెట్టారు. అగ్గిపెట్టెకు లేబుల్ కావాలి. లేబుల్‌కు అచ్చు కావాలి. అలా వచ్చిన అచ్చు యంత్రాలు ఊరికే ఉండవు కదా! లేబుళ్ల తర్వాత కేలెండర్ల మీద పడ్డాయి. వానలు తక్కువైన ఆ ఎండుగాలి అగ్గిపుల్లకూ మంచిదే, అచ్చు కాగితానికీ మంచిదే.

విరుదునగర్ మిరపకాయల వర్తకుడికి, మదురై బట్టల కొట్టుకు, ఆంధ్ర బియ్యం మిల్లుకు... అందరికీ ఏడాది చివర తమ పేరుతో కేలెండర్ కావాలి. బొమ్మ దేవుడిదైతే గోడ మీద నిలుస్తుంది. ఏటా ఆడి పద్దెనిమిదికి శివకాశిలో కొత్త కేలెండర్ల ఆల్బమ్‌లు బయటికొచ్చే ఆనవాయితీ ఉంది. ఆ ఆల్బమ్‌ల కోసం కొత్త బొమ్మలు గీసేవాళ్లు కావాలి. నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో కోవిల్‌పట్టిలో కొండయ్యరాజు బృందం ఉంది. ఇంకేం కావాలి?

గజలక్ష్మి, మీనాక్షి కల్యాణం, వల్లీ దేవసేనలతో సుబ్రహ్మణ్యుడు... ఒకదాని తర్వాత ఒకటి ఇళ్లకు చేరాయి. ఒక బొమ్మ పేరొందితే మళ్లీ మళ్లీ అచ్చయ్యేది. ఈ సీమ దాటి ఆంధ్రకు, కర్ణాటకకు, మలయాళ దేశానికి, సముద్రం దాటి సింగపూర్, మలేసియాల్లోని మనవాళ్ల ఇళ్లకూ వెళ్లింది.

అచ్చులోనూ ఫొటో విద్యే ఉంది. తొలిరోజుల్లో సున్నపురాయి పలక మీద జిడ్డు సిరాతో రంగుకో రాయి చొప్పున చేత్తో చుక్కలు పెట్టేవాళ్లు. తర్వాత ప్రాసెస్ కెమెరా వచ్చింది. గీసిన బొమ్మను దాని ముందు నిలబెట్టి ఎర్ర, ఆకుపచ్చ, నీలి గాజుల్లోంచి మూడుసార్లు ఫొటో తీస్తారు. ఎర్రగాజు నెగటివ్ నుంచి లేతనీలం ప్లేటు, ఆకుపచ్చ నుంచి గులాబీ ఎరుపు ప్లేటు, నీలి గాజు నుంచి పసుపు ప్లేటు. వీటికి తోడు నలుపు. నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగా పడితే లక్ష్మీదేవి. ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా దేవతకు రెండు పెదవులు!

గురువు పక్కన శిష్యుడి సంతకం

కొండయ్యరాజు దగ్గర పని నేర్చుకున్న వాళ్లలో సుబ్బయ్యతో పాటు టి.ఎస్.అరుణాచలం, ఎం.రామలింగం, ఎం.శ్రీనివాసన్, జి.శెన్బగరామన్ పేర్లు కేలెండర్ లోకంలో పేరున్నవే. పిల్లలు లేని మనిషికి వీళ్లే పిల్లలు. ఇక్కడ ఒక విశేషం ఉంది. చాలా బొమ్మల మీద ఆయన సంతకంతో పాటు శిష్యుడి సంతకం కూడా కనిపిస్తుంది. కొండయ్యరాజు, సుబ్బయ్య అని రెండు పేర్లూ పక్కపక్కనే. పని చేయించుకుని పేరు తాను కొట్టేసే గురువులున్న లోకంలో ఇది మామూలు విషయం కాదు.

డబ్బు సంగతికొస్తే... కేలెండర్ వ్యాపారంలో బొమ్మకు ఒకసారి ఇచ్చిందే లెక్క. తర్వాత అది లక్ష కాపీలైనా, పదేళ్లు అచ్చయినా గీసినవాడికి మళ్లీ వచ్చేదేమీ ఉండదు. నకలు కొట్టేవాళ్లకూ అడ్డులేదు. అంటే గీసినవాడికి మిగిలేది మూలన ఉన్న ఆ చిన్న సంతకం ఒక్కటే. దాన్నే సగం శిష్యుడికి ఇచ్చాడంటే ఆ మనసు అర్థం చేసుకోవచ్చు.

చదువుకున్న పెద్దలు చాలాకాలం ఈ బొమ్మలను కళ అనలేదు. కేలెండర్ బొమ్మ అని తీసిపారేశారు. ఆయన పోయాక స్టీఫెన్ ఇంగ్లిస్ అనే కెనడా పరిశోధకుడు ఆయన పని మీద రాస్తేగానీ బయటి లోకానికి ఈ పేరు తెలియలేదు. హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ నిజాం కొలువులో ఉండి తీసిన ఫొటోలకు ఎంతో గౌరవం దక్కింది. దక్కాల్సిందే. ఆయన రాజుల ముఖాలు చూపించారు. మన కొండయ్యరాజు సామాన్యుడి గోడకు దేవుడి ముఖం ఇచ్చారు. కోవిల్‌పట్టిలో ఆ గౌరవానికి లోటేమిటి?

1976... ఒక కాలం పోయి ఇంకోటి వచ్చింది

1975 డిసెంబర్‌లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీర్ స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమెరా ఒకటి తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోలపైనే. నిలువుకు 100, అడ్డానికి 100 చుక్కల బొమ్మ. అది టేప్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. అదే కంపెనీలో బ్రైస్ బేయర్ అనే ఇంకొకాయన కెమెరా లోపలి సెన్సర్ మీద ఎర్ర, ఆకుపచ్చ, నీలి గళ్లు పరిచే పద్ధతి కనిపెట్టాడు. దానికి 1976లో పేటెంట్ వచ్చింది. కొండయ్యరాజు కన్నుమూసిన ఏడాది అదే.

శివకాశిలో మూడు రంగుల గాజుల్లోంచి మూడుసార్లు తీసిన పనే అది. బేయర్ ఆ మూడు గాజులనూ చిన్నచిన్న గళ్లుగా కోసి ఒకేచోట పరిచాడు. మన కంటికి ఆకుపచ్చ బాగా ఆనుతుంది కాబట్టి ఆ గళ్లు రెట్టింపు పెట్టాడు. ఇవాళ మన జేబుల్లోని ఫోన్లలో చాలావాటిలో పనిచేసేది ఈ లెక్కే, దాని పిల్లలే.

తర్వాత సంగతి తెలిసిందే. డిజిటల్ వచ్చింది, డార్క్‌రూమ్ ఎర్రబల్బు ఆరిపోయింది. ఊటీలో 1960లో ఏర్పడి ‘ఇందు’ పేరుతో మన దేశపు ఫిల్ము, ఫొటో కాగితం తయారుచేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది. కొడాక్ అంతటి కంపెనీ కూడా 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. గాజు నెగటివ్‌లు కడిగి అద్దం ముక్కలుగా అమ్ముకున్న స్టూడియోలెన్నో. వాటితో పాటే మన తాతముత్తాతల ముఖాలూ కడుక్కుపోయాయి.

కెమెరా పట్టేవాళ్లకు...

కొండయ్యరాజు దారిని పాఠంగా తీసుకోవాలంటే పెద్ద కెమెరా అక్కర్లేదు. ఇంట్లో అవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వెలుగు నేరుగా కాకుండా పక్కవాటుగా పడనివ్వండి. అవతలి చెంప మరీ చీకటైతే ఒక తెల్లపంచె పట్టుకుంటే చాలు, నీడ మెత్తబడుతుంది. వెనక ఏముందో చూడండి. బీరువా, సిలిండరు, వేలాడే సంచి ఉంటే రెండడుగులు జరగండి. తెరలు రాసినాయన నేర్పే పాఠం అదే.

ఫిల్ముకూ డిజిటల్‌కూ ఒక తేడా గుర్తుంచుకోవాలి. నెగటివ్ ఫిల్ము వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడలో ఏమీ మిగలదు. డిజిటల్ దీనికి అటుఇటు. ఎక్కువైతే తెల్లపంచె మీది మడతలు పూర్తిగా మాయమైపోతాయి, మళ్లీ రావు. కాబట్టి డిజిటల్‌లో తెల్లటి చోటును కాపాడుకోండి. తెర మీద ఆ తెల్లటి చోటును వేలితో తాకి, వెలుగు కొంచెం తగ్గించి తీయండి.

ఇక రెండో పాఠం మీ పూజగదిలోనే ఉంది. అద్దం కట్టిన పాత బొమ్మకు ఫొటో తీయండి. ఫ్లాష్ వేస్తే తెల్లటి మచ్చ పడుతుంది. ఫ్లాష్ ఆపి, బొమ్మను పగటి వెలుగులోకి తెచ్చి, వెలుగు ఏటవాలుగా పడేట్టు పెట్టండి. కెమెరా బొమ్మకు సరిగ్గా ఎదురుగా, వంకర లేకుండా ఉండాలి. అద్దంలో మీ నీడ కనిపిస్తే నల్లదుప్పటి అడ్డం పట్టండి. అద్దానికి అతుక్కుపోయిన బొమ్మను మాత్రం పీకొద్దు, చిరుగుతుంది. తీసిన ఫొటోను రెండుచోట్ల దాచండి. తాతముత్తాతల ఫొటోలకూ ఇదే పద్ధతి. వాటి వెనక పేరు, ఊరు, ఏడాది పెన్సిల్‌తో రాసిపెట్టండి. ఇవాళ ఆ ముఖం ఎవరిదో చెప్పగల పెద్దలు రేపు ఉండకపోవచ్చు.

ఇంకొక్క మాట. ఇవాళ ఫోన్లలో పొద్దున్నే శుభోదయం అంటూ తిరిగే దేవుడి బొమ్మల్లో ఆయనవీ, ఆయన శిష్యులవీ వస్తుంటాయి. బొమ్మ ఫోన్‌లో ఇమడాలని ఎవరో ఎక్కడో అంచులు కత్తిరించేస్తారు. మొదట తెగేది మూలన ఉన్న సంతకమే. మీరు ఫొటో తీసేటప్పుడు మాత్రం ఆ మూల కూడా వచ్చేట్టు చూడండి. దీపం మసి పట్టి ఉంటే మెత్తటి గుడ్డతో అద్దం తుడవండి. అక్షరాలు చిన్నవే కానీ చదవొస్తాయి.